లైన్ బాక్సు అడుగున

కిందటి వారం ఊర్మిళను పరీక్ష గది గుమ్మంలో వదిలేశాం. చేతిలో రెండువందల పదకొండు పేజీల పరిశోధన. వెనకాల, పెట్టెలోంచి తీసిన మడత చీర కట్టుకుని, తనను ఇక్కడికెందుకు తీసుకొచ్చారో తెలియక బిక్కుబిక్కుమంటున్న నాంచారమ్మ.

ముప్పై రెండేళ్ల ఊర్మిళ పగలు రాయపూర్‌లో ఒక సిమెంటు డీలరు ఆఫీసులో టైపిస్టు, సాయంత్రాలు విద్యార్థిని. ఐదేళ్లుగా ఆమె చదువుతున్న ఎమ్మే పేరు ‘సమగ్ర మానవ విద్యలు’. చరిత్ర, సాహిత్యం, న్యాయం, సమాజశాస్త్రం నాలుగూ కలిపి చదవాలి. ఒకే వస్తువును నాలుగు కళ్లతో చూడాలి. ఆఫీసులో దాన్ని ‘ఖిచిడీ ఎమ్మే’ అని ఏడిపించేవారు. ఆమె నవ్వి ఊరుకునేది. ఆ ఖిచిడీ ఉడికితే జూలై నుంచి అదే విద్యాకేంద్రంలో లెక్చరరు. ఉడక్కపోతే ఈ 1989 మే నెలాఖరుతో ఐదేళ్ల గడువు ముగిసిపోతుంది. మళ్లీ మొదటి నుంచి చదవడానికి వయసూ లేదు, ఓపికా లేదు.

పరిశోధనకు ప్రాణం నూట డెబ్బై నాలుగు ఉత్తరాలు. అరవైల్లో ఇక్కడి రైల్వే కాలనీలోని తెలుగు ఆడవాళ్లు పుట్టిళ్లకు రాసుకున్నవి. ఒక్కదానికీ స్టాంపు లేదు, తపాలా ముద్ర లేదు. ఆ రోజుల్లో వాళ్లు పోస్టాఫీసు ముఖం చూసేవారు కాదు. కాగితం మడిచి, అన్నం మెతుకుతో అంటించి, వాల్తేరు పాసింజరు మీద వెళ్లే తెలుగు గార్డు చేతికిచ్చేవారు. ఆయన టిట్లాగఢ్‌లో దిగి, తర్వాతి గార్డుకు కట్ట అందించేవాడు. అలా చేతులు మారుతూ పార్వతీపురానికీ బొబ్బిలికీ చేరేవి. జవాబు నోటి కబురుగా అదే దారిన తిరిగొచ్చేది.

ఆ తెలుగు గార్డు ఎవరో కాదు, ఊర్మిళ తండ్రి చెన్నకేశవులు. ఉత్తరాలు దొరికిందీ ఆయన లైన్ బాక్సులోనే. జెండాలు, లాంతరు, ప్రమాద హెచ్చరికకు పట్టాల మీద పేల్చే టపాకాయలు పెట్టుకుని గార్డులు బండిలో మోసుకెళ్లే ఇనప్పెట్టె అది. “రిటైరయ్యాక ఊరూరా తిరిగి అడిగి తెచ్చుకున్నానమ్మా, జ్ఞాపకానికి” అన్నాడాయన. ఒక్క షరతు పెట్టాడు. పేర్లు రాయకూడదు. ఆ ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి అడగకూడదు.

ఇవాళ ఊర్మిళ ఆ షరతు తప్పింది. తల్లి లేని తనను ఎత్తుకు పెంచిన పక్కింటి నాంచారమ్మ పిన్నిని వెంటబెట్టుకొచ్చింది. ఎప్పుడో పిన్ని చెప్పి రాయించిన ఉత్తరం పెద్దవాళ్ల సభలో చదువుతుంటే ఆమె ముఖం ఎలా వెలుగుతుందో చూడాలని సరదా.

ఆ సరదా ఖరీదు ఎంతో ఇంకో పావుగంటలో తెలుస్తుంది.

*

బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో అధ్యక్షురాలు, చరిత్ర ప్రొఫెసరు. ఒక పక్క న్యాయశాస్త్రం చెప్పే ముసలి వకీలు. ఇంకో పక్క ఊర్మిళ గైడు వెంకటరత్నం, గదిలో తెలుగు వచ్చిన పరీక్షకుడు ఆయనొక్కడే. నాలుగో పరీక్షకులు వేరే ఊరివాళ్లు. పేరు విద్యార్థికి చెప్పరు. ఆ మనిషి బదులు బల్ల మీద లక్క సీలు వేసిన కవరు ఉంది.

ప్రశ్నలన్నీ హిందీలో నడుస్తున్నాయి. ఊర్మిళ తడుముకోకుండా చెబుతోంది.

“నా మూడో అధ్యాయంలో ఒక కొత్త విషయం కనిపెట్టాను. ఈ ఉత్తరాల్లో నూట అరవై ఒకే వాక్యంతో మొదలవుతాయి. ‘నోటి కబురు అందింది, రాత జవాబు మాత్రం రాలేదు.’ రాసినవాళ్లు వేరు, ఊళ్లు వేరు, ఏళ్లు వేరు. వాక్యం ఒకటే. ఇది నిజమైన ఫిర్యాదు కాదు. పరాయి నేల మీద ఆడవాళ్లు తమకు తాము కల్పించుకున్న ఒక రచనా సంప్రదాయం. పాటకు పల్లవి లాంటిది.”

“వాహ్” అంది అధ్యక్షురాలు. “ఒకటి చదివి వినిపించండి, ఊర్మిళాజీ. తెలుగులోనే. తర్వాత అర్థం చెబుదురుగాని.”

ఊర్మిళ ఒకసారి వెనక్కి తిరిగి పిన్నిని చూసి నవ్వింది. నలభై ఒకటో ఉత్తరం తీసింది.

“అమ్మకు దండాలు. నోటి కబురు అందింది, రాత జవాబు మాత్రం రాలేదు. ఆముదం రాసుకుంటున్నావని, మోకాళ్లు తగ్గాయని కబురొచ్చింది. సంతోషం. కానీ నాకు మూడు రాత్రుల నుంచి నువ్వే కలలోకి వస్తున్నావు. రమ్మంటే బయలుదేరతాను. పిల్లాడికి పాలు మాన్పించేశాను. ఒక్క ముక్క రాయించు...”

వెనక బెంచీ కిర్రుమంది.

“అమ్మీ, ఆపు.”

నాంచారమ్మ లేచి నిలబడింది. ఊర్మిళ అనుకున్న వెలుగు ఆ ముఖంలో లేదు. సున్నం కొట్టిన గోడలా ఉంది.

“అది నా ఉత్తరమే. మన కాలనీ శేషమ్మక్క చేత రాయించినాను. అది నీ సేతికెలాగొచ్చింది?”

“నాన్న పెట్టెలో ఉంది పిన్నీ. మీ ఊళ్లో అడిగి తెచ్చుకున్నారట.”

“ఎవలిని అడిగినాడు? మాయమ్మ పోయి ఇరవయ్యేడేళ్లయింది. దినాల్నాడే మా అన్న ఆ కొంపలోని సామానంతా తగలెట్టేసినాడు. కాగితం ముక్క మిగల్లేదు.” ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. “అమ్మీ, ఉత్తరాలొస్తే మాయమ్మ దిండు కింద దాసుకునేది. ఆ చివరి ఏడు నా దగ్గర్నుంచి ఒక్కటీ రానేదని మా అన్న తిట్టినాడు. అబద్ధం సెప్తన్నాడని వాడితో మాటలు మానేసినాను. ఇప్పటికీ మాట్లాడను.”

వెంకటరత్నం ఆమె మాటల్ని గొంతు తగ్గించి హిందీలో మిగతా ఇద్దరికీ చెబుతున్నాడు.

“మరి కబురు?” అంది ఊర్మిళ. “ఆముదం రాసుకుంటోందని, మోకాళ్లు తగ్గాయని...”

“మీ నాన్నే సెప్పినాడు. గార్డుబాబు మాట పక్కా కదా అనుకున్నాను. ఇది రాయించినాక కూడా వొచ్చి, ‘మీ అమ్మ బాగుంది, ఎండల్లో పిల్లాడితో రావొద్దంది’ అన్నాడు. బస్, అంతే, ఆగిపోయినాను. రెండు నెల్లకి కార్డు ముక్క వొచ్చింది. హోలీకి ముందే పోయిందట మాయమ్మ.” ఆమె వేళ్ల మీద లెక్క వేసుకుంది. ఆగింది. “రావొద్దందని మీ నాన్న సెప్పింది హోలీ అయినాక.”

చచ్చిపోయిన మనిషి కబురు పంపింది!

వకీలు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన గొంతులో కోపం లేదు. అదే భయంగా ఉంది.

“బేటీ, నీకు మొదటి ఏడాదిలో నేనే చెప్పాను. ఉత్తరం పంపేదాకా రాసినవాళ్లది, చేరాక అందుకున్నవాళ్లది. ఇవి ఎన్ని ఇళ్లకు రాసినవి?”

“ఇరవై తొమ్మిది.”

“ఇరవై తొమ్మిది ఇళ్లకు చేరిన ఉత్తరాలు ఒక్క పెట్టెలో ఉంటాయా? మోసినవాడి పెట్టెలో?”

జవాబు ఆమె నోట్లోకి రాకముందే మనసులోకి వచ్చేసింది. చేరిన ఉత్తరాలు చేరినచోట ఉంటాయి. చేరనివే మోసినవాడి దగ్గర మిగులుతాయి. రాత జవాబు రాలేదని నూట అరవై సార్లు రాశారంటే, రాలేదనే అర్థం. అది సంప్రదాయం కాదు, పల్లవి కాదు. ఆడవాళ్లు నాలుగేళ్లపాటు ఉన్న మాట ఉన్నట్టు రాశారు. తను దాన్ని కవిత్వం అనుకుంది. ముప్పై ఎనిమిది పేజీలు రాసింది.

“మేడమ్, కాస్త సమయం ఇద్దాం” అన్నాడు వెంకటరత్నం. పాపం, ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ అధ్యాయాన్ని అందరికంటే ఎక్కువ మెచ్చుకున్నది ఆయనే.

అధ్యక్షురాలు కవరు అందుకుని లక్క విరిచింది. లోపల ఒకే కాగితం. పైన నాలుగు వాక్యాలు హిందీలో ఉన్నాయి. పైకి చదివింది.

“‘అభ్యర్థి శ్రద్ధ మెచ్చుకోదగ్గది. ఆఖరి పేజీలో ఆ పెట్టెను వర్ణించిన తీరు నాకు నచ్చింది, మూత లోపల తెల్ల రంగుతో వేసిన చిలక బొమ్మతో సహా. కానీ ఈ ఉత్తరాలు చేరాయన్న నమ్మకం అభ్యర్థికి ఎలా కలిగింది? దీనికి జవాబు వచ్చేదాకా సంతకం చేయను.’” ఆమె కాగితం తిప్పి చూసి కనుబొమలు ముడిచింది. “కింద ఇంకేదో ఉంది. మీ భాషలా ఉంది.”

వెంకటరత్నం అందుకుని చదవబోయాడు. మధ్యలోనే ఆగాడు. కాగితాన్ని ఊర్మిళ ముందుకు జరిపాడు.

నల్ల సిరాతో రాసిన ముత్యాల్లాంటి అక్షరాలు. ‘న’ దగ్గర ప్రతిసారీ తోకను కిందికి జడ కుచ్చులా లాగిన రాత.

‘పెట్టె అడుగున తగరపు రేకు ఉంటుంది. నాలుగు మేకులు. దాని కింద ఇంకొక ఉత్తరం ఉండాలి. అభ్యర్థి చూసిందా?’

ఊర్మిళ చూడలేదు. రేకు సంగతి పరిశోధనలో రాయలేదు. రేకు ఉన్నట్టే ఆమెకు తెలియదు.

ఏ ఊరివాళ్లో తెలియని పరీక్షకులకు తన ఇంట్లో మంచం కింద ఉన్న పెట్టె అడుగు ఎలా తెలుసు?

“నాలుగు గంటల దాకా కూర్చుంటాం” అంది అధ్యక్షురాలు. “జవాబుతో రండి. రాకపోతే, ఊర్మిళాజీ, మీ పేరు ఎదురుగా నేను రాయగలిగింది ఒక్కటే మాట.”

ఊర్మిళ ఆ కాగితాన్ని సంచీలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర నాంచారమ్మ చెయ్యి పట్టుకోబోయింది. ఆమె మెల్లగా విడిపించుకుంది.

“పిన్నీ, రిక్షాలో దింపేస్తాను, రా.”

“నాను ఈడే కూకుంటాను. మీ నాన్న కాడ్నించి జవాబు తే.”

“నాలుగవుతుంది పిన్నీ.”

“ఇరవయ్యేడేళ్లు కూకున్నాను. నాలుగు దాకా కూకోనేనేటి?”

*

పండరీ బట్టల బజారులో లారీ అడ్డం పడింది. ఎండ నెత్తిన నిప్పులు పోస్తోంది. రిక్షావాడు గంట కొడుతూనే ఉన్నాడు. దేవేంద్ర నగర్‌లో ఇల్లు చేరేసరికి రెండున్నర దాటింది.

చెన్నకేశవులు కూలరులో బిందెతో నీళ్లు పోస్తున్నాడు. డెబ్బై దగ్గరపడ్డా నడుము వంగలేదు. చొక్కా జేబులో ఇప్పటికీ గార్డు విజిల్ ఉంటుంది.

“అయిపోయిందా అమ్మా? మిఠాయి తెప్పించాను. దూధ్ పేడా.”

ఊర్మిళ చెప్పులు విప్పలేదు. తిన్నగా లోపలికెళ్లి మంచం కిందనుంచి లైన్ బాక్సు బయటికి లాగింది. గచ్చు మీద ఇనుము గీసుకున్న చప్పుడుకి ఆయన బిందె వదిలేసి వచ్చాడు.

“నాంచారమ్మ పిన్ని వచ్చింది నాన్నా. తన ఉత్తరం తను విన్నది.”

ఆయన గోడకు ఆనుకున్నాడు. గోడ మీద ఊర్మిళ తల్లి పార్వతమ్మ ఫొటో, దానికి గంధపు పేళ్ల దండ. ఊర్మిళకు నాలుగేళ్లప్పుడు పుట్టింట్లో విషజ్వరం వచ్చి పోయిందని చెబుతారు.

“వద్దన్నాను కదమ్మా. అడగొద్దన్నాను కదా.”

“ఒక్కటైనా ఇచ్చావా?”

“అది... చెకింగ్ వచ్చిందమ్మా. ప్రైవేటు ఉత్తరాలు మోస్తే నౌకరీ పోతుందని వార్నింగ్ ఇచ్చారు. కాలనీలో ఆడవాళ్లకి ఆ మాట చెప్పలేకపోయాను. బెల్లమూ జంతికలూ తెచ్చి, బాబూ బాబూ అంటూ చేతిలో పెట్టేవారు. కాదనలేక తీసుకునేవాణ్ణి.”

“విప్పి చదివావు కూడా.”

“చదవకపోతే కబురెలా చెప్పను?” అనేశాడు. అన్నాక నోరు మూసుకున్నాడు.

ఊర్మిళ కళ్లు మూసుకుంది. ఒకే వస్తువును నాలుగు కళ్లతో చూడమన్నారు. వకీలు ప్రశ్న అయింది. సాహిత్యం మోసం చేసింది. చరిత్ర మిగిలింది. చరిత్రంటే ముందు తారీఖులు. నూట డెబ్బై నాలుగు తారీఖులూ తనే టైపు చేసింది, వరసగా, అనుబంధంలో. ఆ వరసలో మొట్టమొదటిది కళ్ల ముందుకొచ్చింది.

“చెకింగ్ ఎప్పుడొచ్చింది నాన్నా?”

“అరవై... అరవై రెండులో.”

“పెట్టెలో మొదటి ఉత్తరం అరవై ఒకటి, ఏప్రిల్ పద్దెనిమిది. అంతకుముందు నువ్వు ఆరేళ్లు అదే బండి మీద వెళ్లావు. ఆ ఆరేళ్లవీ ఇందులో ఒక్కటీ లేవు. అంటే అవన్నీ ఇచ్చేశావు. ఏప్రిల్‌లో ఆపేశావు.” ఆమె ఫొటో వైపు చూసింది. “అమ్మ తద్దినం మనం పెట్టేది ఏప్రిల్‌లోనే కదా?”

కూలరు గడగడలాడుతోంది. చెన్నకేశవులు మెల్లగా జారి గచ్చు మీద చతికిలపడ్డాడు. ఇరవై తొమ్మిది ఇళ్లకు తడబాటు లేకుండా అబద్ధాలు చెప్పిన మనిషికి ఒక్క నిజం చెప్పడానికి చెమటలు పోశాయి.

“మీ అమ్మ కూడా ఒక ఉత్తరం ఇచ్చింది” అన్నాడు. “అందరిలాగే. మడిచి, మెతుకు పెట్టి. టిట్లాగఢ్‌లో ఒక స్కూలుంది, అక్కడి పెద్ద టీచరమ్మకి ఇమ్మంది. కుట్టుపని గురించి అంది. నేను చదవలేదమ్మా. అప్పట్లో నేనెవరి ఉత్తరమూ చదివేవాణ్ణి కాను. నా చేత్తో తీసుకెళ్లి ఇచ్చాను. తిరుగు బండికి జవాబు కూడా నేనే తెచ్చాను.”

“దేనికి జవాబు?”

“చదువుకి.” ఆ మాటను ఆయన ముల్లు పీకినట్టు పీకాడు. “మెట్రిక్ చదివిస్తాం, హాస్టలు ఇస్తాం, రమ్మని. నాతో చెప్పింది. రెండేళ్లలో వస్తానంది. నిన్ను కూడా తీసుకెళతానంది. నేను కాదన్నాను, నిన్ను పంపనన్నాను. పిల్లని వదిలి వెళితే తిరిగి రావొద్దన్నాను. వెళ్లనే వెళ్లింది.”

ఊర్మిళకు ఆ మాటలు వినిపించాయి. అర్థం ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది.

“వెళ్లింది అంటే?”

“గార్డు పెళ్లాం చదువుకి లేచిపోయిందని కాలనీ అంతా నవ్వుతారని... విషజ్వరం అని చెప్పాను. ఆ తర్వాత ఎవరు ఉత్తరం ఇచ్చినా భయమేసేది. ఇందులో ఏముందో, ఎవరి కొంప కూలుస్తుందో అని. ఒక్కటే అమ్మా, ఒక్క ఉత్తరం నా కొంప ముంచింది. ఇక ఒక్కటీ ఇవ్వలేకపోయాను.”

ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ ఫొటో ముందు దీపం పెట్టింది ఊర్మిళ. మొదటి జీతం అక్కడే పెట్టింది. ఎమ్మేలో చేరిన రోజు ఆ పాదాల దగ్గరే ఫారం ఉంచి దండం పెట్టుకుంది. ఆమెకు ఏడుపు రాలేదు.

వంటింట్లోంచి అట్లకాడ తెచ్చింది. పెట్టెలోని జెండాలు, లాంతరు తీసి గచ్చు మీద పెట్టింది. అడుగున నిజంగానే తగరపు రేకు. నాలుగు మూలలా నాలుగు మేకులు.

“దాన్ని ముట్టుకోకు!” చెన్నకేశవులు పాకుతూ వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. “ఆ రేకు కింది సంగతి నీకెవరు చెప్పారు? వెళ్లేరోజు మీ అమ్మే దాన్ని పెట్టింది. నాకు చెప్పే పెట్టింది. పిల్లకి పదేళ్లొచ్చాక ఇవ్వమంది. తనకీ నాకూ తప్ప మూడో మనిషికి తెలీదు. నేను ఆ మేకు ఇప్పటిదాకా కదపలేదు. ఎవరు చెప్పారమ్మా నీకు?”

ఊర్మిళ ఆయన వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది. అట్లకాడ రేకు కిందికి దూర్చి పైకి ఎత్తింది. తుప్పు పట్టిన మేకులు టపటపమని ఊడాయి.

మడిచిన కాగితం. పసుపు రంగుకు తిరిగింది. మెతుకుతో అంటించిన అంచు చెక్కుచెదరలేదు. నూట డెబ్బై అయిదో ఉత్తరం. అన్నిటిలోకీ ఎవరూ విప్పనిది ఇదొక్కటే.

దాని మీద రాసి ఉన్నది ఆమె పేరు. ‘చిన్నారి ఊర్మిళకు, నీ అమ్మ నుంచి.’

మూడు ‘న’లు. మూడింటికీ తోక కిందికి, జడ కుచ్చులా.

ఊర్మిళ సంచీలోంచి మధ్యాహ్నపు కాగితం తీసింది. లక్క పొడి ఇంకా అంటుకునే ఉంది. రెండు కాగితాలనూ గచ్చు మీద పక్కపక్కన పరిచింది. ఒకటి వెలిసిన సిరా, ఒకటి తాజా సిరా. మధ్యలో ఇరవై ఎనిమిదేళ్లు. చెయ్యి ఒకటే.

చెన్నకేశవులు రెండో కాగితం మీదకి వంగాడు. చదివాడు. జేబులోని విజిల్ జారి గచ్చు మీద దొర్లింది.

“ఇది... ఇది ఎప్పుడు రాసింది?”

“ఈ నెలలో” అంది ఊర్మిళ. లేచింది. ఫొటోకి వేసిన దండ తీసి ఆయన ఒళ్లో పెట్టింది. “నాలుగు గంటలకి జవాబు అడుగుతోంది నాన్నా. పద.”